కోత చిన్నదైతే ఆపరేషన్ చిన్నదవుతుందా?

కాలి బొటనవేలి పక్కన బొడిపె లేచి బాధపడేవాళ్ల దగ్గరికి ఈమధ్య ఒక ప్రచారం తెగ చేరుతోంది. కరపత్రాల్లోనూ, ఫోన్లో వచ్చే పొట్టి వీడియోల్లోనూ, ఉచిత శిబిరాల మైకుల్లోనూ వినిపించే మాటలు దాదాపు ఒకటే. కోత ఉండదు, కుట్లు ఉండవు, స్క్రూలు అసలే ఉండవు. లేజర్‌తో అరగంటలో ఎముకను అరగదీసేస్తారు. అదే రోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోవచ్చు. ఇక జన్మలో మళ్లీ రాదు. ఎముకల డాక్టరుగా పాదాల కేసులు ఎక్కువగా చూస్తాను కాబట్టి ఈ మాటలు నమ్మి వచ్చేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. నమ్మి ఇంకెక్కడో చేయించుకుని, ఆనక వాచిన పాదంతో వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రచారంలో చాలా భాగం తప్పు. తప్పు కాని కాస్త భాగాన్ని కూడా రోగి తప్పుగా అర్థం చేసుకునేలాగే చెబుతున్నారు.

ఒక సంగతి ముందే స్పష్టం చేయాలి. చిన్న రంధ్రాల్లోంచి బొటనవేలి వంకర సరిచేసే పద్ధతికి నేను వ్యతిరేకిని కాను. తగిన రోగిని ఎంచుకుని, బాగా నేర్చిన చేతులు చేస్తే అది మంచి ఆపరేషన్. నా ఖండన దాని పేరు చెప్పి చేస్తున్న వ్యాపారం మీద. చర్మం మీద గాటు చిన్నది కనుక లోపల జరిగేదీ చిన్నదేనని జనాన్ని నమ్మించడం మీద. మిగతా అబద్ధాలన్నీ ఈ ఒక్క భ్రమలోంచే పుట్టుకొస్తున్నాయి.

‘ఎముక పెరిగింది, అరగదీయాలి’ అన్న మాటే తీసుకోండి. అక్కడ కొత్తగా ఎముక పెరిగిందేమీ ఉండదు. ఉన్న ఎముకే పక్కకు జరుగుతుంది. పాదం ముందు సగంలో ఐదు పొడవాటి ఎముకలుంటాయి, మెటాటార్సల్స్ అంటాం. మొదటిది బొటనవేలికి ఆధారం. ఈ జబ్బులో ఆ మొదటి ఎముక ఏళ్ల తరబడి మెల్లమెల్లగా రెండో పాదం వైపుకు జరుగుతుంది. బొటనవేలేమో దానికి ఎదురు దిక్కుగా, చిటికెనవేలి వైపు వాలుతుంది. రెండూ కలిసే కీలు దగ్గర ఎముక తల బయటికి పొడుచుకొస్తుంది. చేత్తో తడిమి మనం బొడిపె అంటున్నది దాన్నే. చెప్పు పట్టీ రాసుకున్నకొద్దీ అక్కడ చర్మం కింద వాపు చేరి, ఎర్రబడి, సాయంత్రానికి సలుపు మొదలవుతుంది. ముదిరితే బొటనవేలు రెండో వేలి కిందికి దూరిపోతుంది, రెండో వేలు పైకి లేస్తుంది, అరికాలి ముందు భాగంలో ఆనెకాయలు కాస్తాయి. డాక్టర్లు దీన్ని హాలక్స్ వాల్గస్ అంటారు, వాడుకలో బునియన్.

ఇది కోణాల లెక్క. మామూలు పాదంలో బొటనవేలికీ మొదటి మెటాటార్సల్‌కీ మధ్య కోణం 15 డిగ్రీలు దాటదు. మొదటి రెండు మెటాటార్సల్స్ మధ్య ఎడం 9 డిగ్రీల లోపే ఉంటుంది. మొదటి కోణం 40 దాటిందంటే వంకర తీవ్రమైనట్టు. ఈ కొలతలు తీయాలంటే రోగిని నిలబెట్టి, పాదం మీద ఒంటి బరువు మోపించి ఎక్స్‌రే తీయాలి. బల్లమీద పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో వంకర ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. ఉబ్బిన మూలను మాత్రమే చెక్కేస్తే ఈ కోణాల్లో ఒక్క డిగ్రీ కూడా మారదు. బొటనవేలు వాలిన చోటే వాలి ఉంటుంది, దాన్ని లాగుతున్న స్నాయువులు లాగుతూనే ఉంటాయి. కొంతకాలానికి బొడిపె మళ్లీ తేలుతుంది. అందుకే నూరేళ్లుగా సర్జన్లు ఎముకను కోసి జరపడం మీదే దృష్టి పెట్టారు. బొటనవేలి ఎముకలోంచి చీలికలాంటి ముక్క తీసి వేలిని నిటారు చేసే ఏకిన్ పద్ధతి 1925 నాటిది. మొదటి మెటాటార్సల్ మొదలు దగ్గర కీలునే అతికించేసే లాపిడస్ పద్ధతి 1934 నాటిది. షెవ్రాన్, స్కార్ఫ్ లాంటివి ఆ తర్వాత వచ్చాయి. ఈ ఒక్క వంకరకి నూరుకు పైగా ఆపరేషన్లు వర్ణించి ఉన్నాయి. ఏ ఒక్కటీ అందరికీ సరిపోదని దీన్నిబట్టే తెలుస్తుంది.

లేజర్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. లేజర్ ఈ ఎముకను సరైన చోటికి జరపలేదు. ఎక్కడైనా వాడినా చర్మానికో, మెత్తటి కండకో వాడతారు. అసలు పని చేసేది తిరిగే లోహపు బర్. ‘లేజర్ బునియన్ సర్జరీ’ అని బోర్డు కనిపిస్తే, ఎముకను దేనితో కోస్తారండీ అని నేరుగా అడగండి.

ఆ బర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ‘కోత లేదు’ అన్న మాట ఎంత తప్పో అర్థమవుతుంది. బాగా వాడుకలో ఉన్నది షానన్ బర్. దాదాపు 2 మిల్లీమీటర్ల మందం, 20 మిల్లీమీటర్ల పొడవు కోసే భాగం ఉంటుంది. చర్మం మీద మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల గాటు పెట్టి, దాన్ని ఎముక మెడ దాకా దూరుస్తారు. ఎముక సర్జన్ కంటికి కనపడదు. పక్కనున్న సి-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద నీడ చూస్తూ, చేతికి తగిలే ఒత్తిడిని బట్టి మెటాటార్సల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి పూర్తిగా కోసేస్తారు. ఎముక రెండు ముక్కలవుతుంది. ఆ తర్వాత ముందున్న తల భాగాన్ని పక్కకు నెడతారు. వంకర ఎక్కువగా ఉంటే ఎముక వెడల్పులో సగానికి మించి, కొన్నిసార్లు దాదాపు మొత్తం వెడల్పు మేరకు జరపాల్సి వస్తుంది. జరిపినదాన్ని సాధారణంగా రెండు స్క్రూలతో బిగిస్తారు. చాలామందికి బొటనవేలి ఎముకను కూడా కోసి ఇంకో స్క్రూ వేయాల్సి ఉంటుంది. పైన చర్మానికి ఒక్కో గాటు దగ్గర ఒకటో రెండో కుట్లు పడతాయి, కొన్ని చోట్ల అవీ అక్కర్లేదు. రోగి కంటికి కనపడేది ఆ కుట్టే. లోపలున్నది మాత్రం మనిషి చేత్తో చేసిన రెండు ఫ్రాక్చర్లు.

బర్‌తో ఇంకో చిక్కుంది. తిరిగే లోహం వేడెక్కుతుంది. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడికి ఒక నిమిషం పాటు గురైతే దాని కణాలు దెబ్బతింటాయని 1980లలోనే ప్రయోగాల్లో తేలింది. కాబట్టి బర్‌ను తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిప్పాలి. సెలైన్ ఆగకుండా పోస్తూనే ఉండాలి. గాటు దగ్గర చర్మం కాలిన మచ్చతో వచ్చిన పాదాలు నేను చూశాను. ఎముక అతకడం ఆలస్యమైనవీ చూశాను. ఇక బర్ రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి కోసిన దారిలో అంత ఎముకనూ పొడి చేసేస్తుంది. మామూలు రంపం బ్లేడు ఇంత మందం తినదు. దిశ చూసుకోకుండా కోస్తే మొదటి మెటాటార్సల్ పొట్టిదైపోతుంది. అప్పుడు నడకలో బొటనవేలు మోయాల్సిన బరువు రెండో వేలి కిందికి చేరి, అరికాల్లో కొత్త నొప్పి మొదలవుతుంది. బొడిపె పోయింది, కానీ గచ్చుమీద వట్టికాలితో నిలబడలేకపోతున్నానని చెప్పేవాళ్ల బాధ చాలాసార్లు ఇదే. అనుభవమున్న సర్జన్ ఈ నష్టాన్ని ముందే లెక్కగట్టి బర్‌ను కొద్దిగా ముందుకు, కొద్దిగా కిందికి వాల్చి కోస్తాడు. ఆ నేర్పు ఒక్క వర్క్‌షాపుకు వెళ్లొస్తే రాదు.

‘స్క్రూలు అక్కర్లేదు’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఇది ఒట్టి తప్పుడు మాట కాదు, పాతబడిన మాట. ఈ పద్ధతి చరిత్ర తెలియనివాళ్లను అది తేలిగ్గా నమ్మిస్తుంది. చిన్న రంధ్రంలోంచి పాదపు ఎముకను సరిచేయాలన్న ఆలోచన అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మధ్యలోనే మొదలైంది. 1970, 80 దశకాల్లో అక్కడి పాదవైద్యులు దాన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. స్టీఫెన్ ఐషమ్ పద్ధతిలో ఎముకను కోసి, లోపల ఏమీ పెట్టకుండా కట్టుతోనే వేలిని నిలిపేవారు. ఆ తర్వాత ఆస్ట్రియాలో బోష్ కోసిన ఎముకను ఒక తీగతో నిలిపాడు. ఆ తీగ చివర కొన్ని వారాలపాటు చర్మం బయటే ఉంటుంది. ఈ రెండు తరాల పద్ధతుల్లోనూ ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. కొన్ని చోట్ల బాగున్నాయి, కొన్ని చోట్ల ఎముక జారిపోయింది, వంకరగా అతికింది. పద్ధతికి చెడ్డపేరు వచ్చింది. ఇంగ్లండ్‌లో డేవిడ్ రెడ్‌ఫెర్న్, ఫ్రాన్స్‌లో జోయెల్ వెర్నువా లాంటివాళ్లు షెవ్రాన్, ఏకిన్ కోతలను బర్‌తో చేసి స్క్రూలతో గట్టిగా బిగించడం మొదలుపెట్టాకే దానికి మళ్లీ గౌరవం దక్కింది.

బ్రిటన్‌లో చికిత్సల మంచిచెడ్డలు తూచి చెప్పే నైస్ అనే సంస్థ ఉంది. 2010 ఫిబ్రవరిలో అది ఈ తరహా ఆపరేషన్ల మీద మార్గదర్శకం ఇచ్చింది. భద్రత, ఫలితాల మీద ఆధారాలు పరిమితంగా ఉన్నాయి, ఒకదానికొకటి పొంతన లేదు, కాబట్టి ప్రత్యేక పర్యవేక్షణ, ప్రత్యేక సమ్మతి ఉంటేనే చేయాలని చెప్పింది. పద్నాలుగేళ్ల తర్వాత, 2024లో, కొత్త మార్గదర్శకం వచ్చింది. ఈసారి మామూలు ఏర్పాట్లతోనే చేయొచ్చంది. అయితే ఆ ఆమోదం దక్కింది లోపల బిగింపు పెట్టే పద్ధతికి. మార్గదర్శకం శీర్షికలోనే ఆ మాట ఉంది. అంటే ఈ ఆపరేషన్ పరువు నిలబెట్టింది స్క్రూలే. ఆ పరువును అడ్డం పెట్టుకుని స్క్రూలు లేని ఆపరేషన్ అమ్మడం ఎంత అన్యాయమో చూడండి.

ఇక ఈ పద్ధతికి నిజంగా రావాల్సిన ఘనత ఎంత? 2017లో ఆస్ట్రేలియా సర్జన్లు ఒక పోలిక ప్రచురించారు. యాభై మందిని చెరి సగం చేసి, ఒక సగానికి చిన్న రంధ్రాల పద్ధతిలో షెవ్రాన్-ఏకిన్, ఇంకో సగానికి తెరిచి చేసే స్కార్ఫ్-ఏకిన్ చేశారు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. మొదటి ఆరు వారాల్లో చిన్న రంధ్రాల వాళ్లకు నొప్పి తక్కువగా ఉంది. మచ్చలూ చిన్నవే. ఆరు నెలలు గడిచేసరికి కోణాల దిద్దుబాటులోనూ, పాదం పనితీరులోనూ రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. మొదటి వారాల్లో నొప్పి తగ్గడం, కీలు గుల్లను తెరవకపోవడం వల్ల వేలు బిగుసుకుపోయే భయం కొంత తగ్గడం, మచ్చ చిన్నది కావడం, ఇవన్నీ మేలే. నొప్పి పడ్డవాళ్లకు ఆ ఆరు వారాల విలువ తెలుసు. ఈ మాత్రం నిజమే చెబితే చాలదా? ‘నొప్పి తక్కువ’ అన్న నిజాన్ని ‘నొప్పే ఉండదు’ అని సాగదీయాల్సిన అవసరం ఏమొచ్చింది?

‘అదే రోజు నడక’ కూడా ఇలా సాగదీసిన నిజమే. అవును, ఆ రోజే లేచి నడవవచ్చు. కాకపోతే గట్టి అడుగున్న ఆపరేషన్ చెప్పు తొడుక్కుని, మడమ మీద బరువు వేస్తూ, బాత్రూముకు వెళ్లొచ్చేంత మేరకే. తెరిచి చేసే స్కార్ఫ్, షెవ్రాన్ తర్వాత కూడా చాలామంది సర్జన్లు ఇలాగే నడిపిస్తారు. కనుక ఇది చిన్న రంధ్రాల ప్రత్యేకత కాదు. మొదటి రెండు వారాలు రోజులో ఎక్కువ సేపు పాదాన్ని గుండె కంటే ఎత్తులో దిండుమీద పెట్టుకోవాలి. ఆపరేషన్ చెప్పు సుమారు ఆరు వారాలు. వాపు పూర్తిగా తగ్గడానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది. ఎముకను బాగా పక్కకు జరిపిన కేసుల్లో, ఆరో వారం ఎక్స్‌రేలో మధ్య ఖాళీ ఇంకా కనబడుతూనే ఉంటుంది. కొత్త ఎముక ఆ ఖాళీని నింపడానికి నెలలు పడుతుంది. ముందే చెప్పకపోతే ఆ ఎక్స్‌రే చూసి రోగి హడలిపోతాడు.

ఆరు వారాల ఆపరేషన్ చెప్పు అన్నది మన ఇళ్లలో మరో తీరుగా పరీక్ష పెడుతుంది. విదేశాల్లో తయారైన సూచనల కాగితంలో ఈ సంగతి ఉండదు. మనవాళ్లు గడప బయటే చెప్పులు విడుస్తారు. వంటింట్లోకి, పూజగదిలోకి చెప్పుతో అడుగు పెట్టడం చాలా ఇళ్లలో ఊహకందని పని. డాక్టరు ‘బయటికి వెళ్లేటప్పుడు’ వేసుకోమన్నాడని అనుకుని ఇంట్లో వట్టికాలితో తిరిగేవాళ్లు ఎందరో. తడి గచ్చు మీద కాలు జారకుండా వేళ్లు బిగించి నడిచిన ప్రతిసారీ కోసిన ఎముక మీద ఒత్తిడి పడుతుంది. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డిలో లేచేటప్పుడు బొటనవేలి కీలు పూర్తిగా వెనక్కి వంగుతుంది. ఇది మొదటి వారాల్లో అసలు కూడదు. ఆపరేషన్ తేదీ రాసే ముందు నేను ఇంటి గచ్చు సంగతి, మరుగుదొడ్డి సంగతి, వంట ఎవరు చేస్తారన్నది అడుగుతాను. ఈ మూడు ప్రశ్నలు లేకుండా ‘అదే రోజు ఇంటికి’ అనడం రోగిని గాలికి వదిలేయడమే.

మెట్టెల సంగతి కూడా అంతే. మొన్నామధ్య ఒకావిడ వచ్చింది. యాభై దాటిన గృహిణి. అమెరికాలో ఉన్న కూతురు పంపిన వీడియో ఫోన్లో చూపించింది. బొటనవేలు రెండో వేలి కిందికి పూర్తిగా దూరిపోయి, రెండో వేలికున్న వెండి మెట్టె చర్మంలోకి నొక్కుకుపోయి, దాని కింద పుండు పడింది. ‘డాక్టరు గారూ, చిన్న బొక్కే కదా, మెట్టె ఉండగానే చేసేయండి, తీయడం మా ఇంట్లో ఒప్పుకోరు’ అంది. ‘అమ్మా, ఎముక కోస్తాం. పాదం రెండింతలు వాస్తుంది. మెట్టె ఉంటే వేలికి రక్తం ఆడదు. బదులుగా దారం చుట్టుకోవడం కూడా వద్దు’ అని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. అంత పెద్ద ఆపరేషనని వీడియోలో చెప్పలేదే అంది. ముందు పుండు మానాలని, షుగర్ చూడాలని, నిలబడి ఎక్స్‌రే తీయించుకోవాలని రాసిచ్చాను. షుగర్ ఉన్నట్టు ఆవిడకు తెలియదు. పరీక్షలో బయటపడింది.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఈ ప్రచారం చేసే హాని అన్నిటికంటే ఎక్కువ. ‘చిన్న కోత కనుక మధుమేహులకు పూర్తిగా సురక్షితం’ అంటున్నారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో ప్రచురితమైంది. మన దేశంలో మధుమేహులు 10 కోట్ల 10 లక్షల మంది అని అది అంచనా వేసింది. వీళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, కొందరికి రక్త ప్రసరణ కూడా. చర్మం గాటు చిన్నదైతే చర్మానికి సోకే ఇన్ఫెక్షన్ ముప్పు కొంత తగ్గవచ్చు. కానీ కోసిన ఎముక అతకాలంటే రక్తం కావాలి, షుగర్ అదుపులో ఉండాలి. అతకని ఎముక మీద నొప్పి తెలియని పాదంతో నడిస్తే పాదమే కూలబడుతుంది. మోనోఫిలమెంట్ అనే సన్నటి పోగుతో స్పర్శ చూడకుండా, పాదంలో నాడి తడమకుండా, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించకుండా ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. పొగ తాగేవాళ్లూ మానేయకుండా ఈ ఆపరేషన్‌కు సిద్ధపడకూడదు. పొగాకు ఎముకను అతకనివ్వదు.

‘మళ్లీ రాదు’ అన్న హామీ ఇచ్చే హక్కు ఏ సర్జన్‌కూ లేదు. వంకర తిరిగి రావడం అన్ని పద్ధతుల్లోనూ ఉంది, తెరిచి చేసినా, రంధ్రంలోంచి చేసినా. ఎముకను చాలినంత జరపకపోయినా, దాని మెలికను సరిచేయకపోయినా, కీళ్లు మరీ వదులుగా ఉన్న మనిషికి తగని పద్ధతి ఎంచుకున్నా వస్తుంది. చిన్న వయసులో చేయించుకున్నవాళ్లకు ఆ అవకాశం ఇంకాస్త ఎక్కువ. దీనికి వ్యతిరేక దిక్కున మరో చిక్కు, ఎక్కువ సరిచేస్తే వేలు అటువైపుకి తిరిగిపోవడం. వేలి పైన తిమ్మిరి, స్క్రూ తల చర్మానికి తగిలి మళ్లీ తీయించుకోవాల్సి రావడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా రోగికి ముందే చెప్పాల్సినవే. ఇవన్నీ ప్రతివాళ్లకీ జరగవు. ఏదో ఒకటి ఎవరో ఒకరికి తప్పకుండా జరుగుతుంది.

అసలు ఎవరికి ఈ ఆపరేషన్ కావాలి? 18 నుంచి 65 ఏళ్ల మధ్యవారిలో 23 శాతం మందికి, 65 దాటినవారిలో దాదాపు 36 శాతం మందికి ఈ వంకర ఎంతో కొంత ఉంటుందని 2010లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్కగట్టింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. వీళ్లలో చాలామందికి నొప్పి ఉండదు, లేదా చెప్పు మారిస్తే తగ్గిపోతుంది. వాళ్లకు కత్తి అక్కర్లేదు, అది ఎంత చిన్న కత్తి అయినా. పెళ్లి ఫోటోల్లో పాదాలు బాగుండాలని నొప్పి లేని అమ్మాయిలను తీసుకొచ్చే తల్లిదండ్రులకు నేను కచ్చితంగా వద్దనే చెబుతాను. నొప్పి లేని పాదానికి ఆపరేషన్ చేసి నొప్పి తెచ్చిపెడితే దాన్ని వెనక్కి తీసుకునే దారి ఉండదు. నొప్పి నిజంగా ఉన్నవాళ్ల విషయంలో మాత్రం ఆపరేషన్ మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారమే ఉంది. ఫిన్లండ్‌లో 209 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు చెప్పులో పెట్టుకునే ఆధారాలు, ఒక గుంపుకు వేచి చూడటం ఇచ్చారు. 2001లో ఫలితాలు వచ్చాయి. ఆధారాలు మొదట్లో కొంత ఉపశమనం ఇచ్చాయి, అది నిలవలేదు. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు. రాత్రిళ్లు వేలికి తగిలించుకునే బెల్టులు, సిలికాన్ ముక్కలు పెద్దవాళ్లలో వంకరను తిప్పేస్తాయన్న ఆన్‌లైన్ అమ్మకాలకు కూడా ఇదే జవాబు. రాపిడి తగ్గించుకోవడానికి వాడుకోండి, ఎముక జరుగుతుందని ఆశపడకండి.

ఇరుకు బూట్లదే అంతా పాపమనే మాటను కూడా కొద్దిగా సరిచేయాలి. హాంకాంగ్‌లో 1958లో ప్రచురించిన అధ్యయనంలో బూట్లు తొడిగేవాళ్లలో 33 శాతానికి, ఎప్పుడూ తొడగనివాళ్లలో 2 శాతం లోపు మందికే ఈ వంకర కనిపించింది. కనుక బూటు పాత్ర పెద్దదే. అయితే కుటుంబంలో రావడం అన్నదీ బలంగానే ఉంది. నాగలి వెనక వట్టికాళ్లతో నడిచిన అమ్మమ్మకూ, ఏనాడూ ఎత్తు మడమ చెప్పు చూడని తల్లికీ, వాళ్ల పిల్లకూ ఒకే బొడిపె ఉండటం మన ఊళ్లలో చూడొచ్చు. వాళ్లను ‘నీ చెప్పుల వల్లే’ అని తిట్టడం న్యాయం కాదు.

నా తోటి సర్జన్లలో కొందరికీ ఒక మాట చెప్పాలి. ప్రచారపు హోరు చూసి విసిగి, ‘రంధ్రాల ఆపరేషనంతా మోసం’ అని కొట్టిపారేస్తున్నారు. అదీ తప్పే. 2010 నాటి అనుమానాలను పట్టుకుని 2024 నాటి ఆధారాలను పక్కన పెట్టడం శాస్త్రం అనిపించుకోదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మొదటి కొన్ని పదుల కేసుల్లో పొరపాట్లు, ఎక్స్‌రే తెర ముందు గడిపే సమయం, ఆపరేషన్ సమయం అన్నీ ఎక్కువగానే ఉంటాయి. ఈ నేర్చుకునే దశ ఉందని ప్రచురితమైన అధ్యయనాలే చెబుతున్నాయి. శవాల పాదాల మీద సాధన చేసి, అనుభవజ్ఞుల పక్కన నిలబడి, సులువైన వంకరలతో మొదలుపెట్టి, తర్వాత కష్టమైనవాటి జోలికి పోవాలి. మీ చేతిమీద ఎన్ని జరిగాయి, ఏడాది తర్వాత ఎన్ని ఎక్స్‌రేలు తీసి చూశారు, ఎందరికి మళ్లీ ఆపరేషన్ పడింది అని రోగి అడిగితే చిరాకు పడకుండా జవాబు చెప్పాలి.

మన వైద్యులకు ఈ విషయంలో నియమాలు కొత్త కావు. 2002 నాటి భారత వైద్య మండలి ప్రవర్తనా నియమావళి, రోగులను ప్రకటనలతో నేరుగా గానీ పరోక్షంగా గానీ రప్పించుకోవడం అనైతికమని చెప్పింది. వైద్యులకే కాదు, సంస్థలకూ ఆ మాట వర్తిస్తుంది. 2008లో సుప్రీంకోర్టు సమ్మతి గురించి విస్పష్టంగా చెప్పింది. చికిత్స ఏమిటి, ఎలా చేస్తారు, లాభమేమిటి, వేరే దారులేమున్నాయి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ తెలిసి రోగి ఒప్పుకుంటేనే అది సమ్మతి. ‘కోత లేదు, స్క్రూలు లేవు, మళ్లీ రాదు’ అని విని సంతకం పెట్టిన మనిషి దేనికి ఒప్పుకున్నట్టు? ఆ సంతకానికి విలువేమిటి?

ఇలా రాస్తున్నందుకు ఒక సహ వైద్యుడు నాతో వాదించాడు. ఇన్ని చెబితే రోగులు భయపడి పారిపోతారు, మేలు జరగాల్సినవాళ్లకూ జరగదని అతని బాధ. నా అనుభవం అది కాదు. ఆరు వారాలని ముందే తెలిస్తే మనుషులు దానికి తగ్గట్టు ఏర్పాట్లు చేసుకుంటారు. వరి కోతలయ్యాక వస్తానన్న రైతు ఉన్నాడు. కోడలి పురుడు దాటాక పెట్టుకుందామన్న అత్తగారు ఉన్నారు. సెలవు పెట్టుకుని, మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ వేయించుకుని, పూజగదిలో దీపం పెట్టే పని తమ్ముడికి అప్పగించి వచ్చిన టీచరమ్మ ఉంది. వీళ్లెవరూ పారిపోలేదు. వాపు తగ్గకపోయినా మూడో నెలలో నన్ను తిట్టలేదు, ఎందుకంటే తగ్గదని వాళ్లకు ముందే తెలుసు. నిజంగా వెనక్కి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది నొప్పి లేనివాళ్లు, బొడిపె చూడటానికి బాగోలేదని వచ్చినవాళ్లు. వాళ్లకు ఈ ఆపరేషన్ మొదట్నుంచీ అవసరం లేదు.